మొదటి గంప మన్ను

సిద్దిపేట,
తారణ సంవత్సరం, భాద్రపద మాసం.

భివండిలో ఉన్న సారయ్య గారికి మీ ఇల్లాలు అనసూర్య నమస్కరించి రాసుకున్న మనవి. దేవుని దయ వల్ల ఇక్కడ అత్తమ్మా నేనూ క్షేమం. అక్కడ మీ జ్వరం తగ్గి, మళ్లీ మిల్లులో సాంచెల మీద పనిలోకి వెళ్తున్నారని నమ్ముతున్నాను. ఈ ఉత్తరం చదవగానే మిగతా పనులు పక్కనబెట్టి జవాబు రాయండి. ఎందుకో చివరన చెబుతాను. మొదటే చెబితే మధ్యలోవి మీరు చదవరు.

మీ ఉత్తరం వానలో తడిసి వచ్చింది. టపా జవాను రుమాలులో చుట్టి తెచ్చినా అంచులకు సిరా పాకింది. పొయ్యి పక్కన ఆరబెట్టి, అక్షరం పోకుండా చదువుకున్నాను. పగటి పాళీ వాళ్లు లేచి వెళ్లిన చాప మీదే మీరు పడుకుంటారనీ, మీరుండే ఖోలీ పైన రేకులు కారుతున్నాయని చెబితే మాలిక్ రేపు రేపు అంటున్నాడనీ రాశారు. మొదట నవ్వొచ్చింది. ఇళ్లు కిరాయికిచ్చేవాళ్లంతా ఒకే బడిలో చదివారేమో అనుకున్నాను. తర్వాత, జ్వరం మీద అటువంటి చోట ఎలా పడుకున్నారో అని చాలాసేపు మనసు బాగా లేకపోయింది.

మీరు అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తాను. అత్తమ్మ మోకాళ్ల నొప్పి ముసురు పట్టినప్పుడల్లా ఎక్కువవుతుంది. వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెడుతున్నాను. దుబ్బాక నుంచి మీ మేనమామ మనిషిని పంపి, వానలు పోయేదాకా ఇద్దరినీ అక్కడికి వచ్చేయమన్నాడు. అత్తమ్మ కదలనన్నది. మగ్గం గుంట దగ్గర దీపం పెట్టేవాళ్లు ఉండొద్దా అని అడిగింది. నూలుకు రేషన్ పెట్టి, మీరు భివండి పోయి, మగ్గం మీద పడుగన్నది లేకుండా పోయినా, ఆమె మాత్రం పొద్దుగూకగానే గుంట గట్టు తుడిచి దీపం పెట్టేది. “నీ మామ కూసున్న జాగ, నా కొడుకు కూసునే జాగ” అని రోజూ అదే మాట. మీరు కాళ్లు పెట్టి తొక్కిన గుంట ఖాళీగా కనబడకూడదని గట్టు మీద మీ పాత తువ్వాలు కూడా పరిచి ఉంచేది.

సావుకారి రాజలింగం ఇల్లు బాగు చేయించాడా అని అడిగారు. చేయించలేదు. ఎండాకాలంలో కోతులు పీకిన పెంకులు ఇంకా అలాగే ఉన్నాయి, అదీ సరిగ్గా మగ్గం మీద. ఆయన వాకిట్లోకి ఎన్నిసార్లు పోయానో నాకే గుర్తు లేదు. గద్దె మీద నుంచి దిగడు, నా వైపు చూడడు. “నీ మొగడు భివండి నుంచి రానియ్యి. ఆడోళ్లతోని ఇంటి ముచ్చట ఏంది” అంటాడు. కిరాయి తీసుకునేటప్పుడు మాత్రం నేను ఆడదాన్నన్న సంగతి ఆయనకు గుర్తుకు రాదు. మీరు చెప్పినట్టే కులపెద్ద వీరయ్య మామను పంపాను. ఆయన పోయి, సావుకారి ఇచ్చిన చల్ల తాగి వచ్చి, “మంచోడే పిల్లా, పనోళ్లు దొరుకుతలేరట” అన్నాడు. చల్ల బాగుందా అని అడిగాను. బాగుందన్నాడు.

చివరికి ఇళ్లు కప్పే మనిషిని నేనే పిలుచుకొచ్చాను. అతను నిచ్చెన ఎక్కి, వాసం మీద చెయ్యి వేసి చూసి, వెంటనే దిగిపోయాడు. “వాసాలు చీకిపోయినయక్కా. వీటి మీద కాలు పెడితే నేనొచ్చి మీ మగ్గం మీదనే పడ్త” అన్నాడు. అప్పటి నుంచి పొద్దున లేచి మొదటి పని గుంటలో నీళ్లు తోడడమే.

వేరే ఇల్లు చూసుకోమని మీరు రాయడం సులువే. సాలోళ్లమని చెప్పగానే ఇంటివాళ్లు తలుపు దగ్గరకు వేస్తున్నారు. నేల తవ్వుతాం, ఇల్లు పాడు చేస్తాం అని వాళ్ల భయం. ఈ ఇంట్లో గుంటను మామయ్య తవ్వినప్పుడు సావుకారి తండ్రి బతికి ఉన్నాడు, ఆయన ఒప్పుకున్నాడు కాబట్టి మనకు ఉంది. మగ్గానికి జాగ ఇస్తామనే ఇల్లు సిద్దిపేటలో నాకు ఇంకొకటి కనబడలేదు.

పక్కింటి దుర్గవ్వ ఇంకా అట్లే ఉందా అని కూడా అడిగారు. వాళ్లూ సావుకారికి కిరాయిదారులే, రెండిళ్లకూ నడుమ ఒకటే మట్టిగోడ, దానికి ఆనుకునే మన గుంట. మీరు పోయిన తర్వాత ఊళ్లో పెద్దిళ్ల వడ్లన్నీ తనే దంచుతానని ఒప్పుకుందో ఏమో, కోడి కూసింది మొదలు గోడ పక్కనే ఉన్న రోట్లో రోకలి పడుతూనే ఉండేది. దెబ్బ పడ్డప్పుడల్లా గోడ మీది మన్ను రాలి మా జొన్న గట్కలో పడేది. అత్తమ్మ “పోనియ్యి బిడ్డా” అని నన్ను ఊరుకోబెట్టేది. నేను ఊరుకునే మనిషిని కానని మీకు తెలుసు. గోడకు ఇవతల నుంచి నేను ఒకటంటే అవతల నుంచి ఆమె రెండనేది. సాయంత్రం కల్లు తాగి వచ్చి ఆమె మొగుడు దుబ్బయ్య వాళ్ల ముందరి అరుగు మీద కూర్చుని మన వంశాన్ని అందుకునేవాడు. మిమ్మల్ని, మామయ్యను, మామయ్య తండ్రిని, తాతను వరుస తప్పకుండా తిట్టేవాడు. మీ ముత్తాత పేరు నాకు అతని నోటనే తెలిసింది.

వానలు ముదిరేసరికి గోడ పరిస్థితి చెడింది. మన వైపు నిలువునా వేలు పట్టేంత పగులు వచ్చింది. వాళ్ల వైపు గోడ కడుపుతో ఉన్న మనిషిలా ముందుకు పొంగింది. అదే రోజుల్లో దుర్గవ్వ బిడ్డ బాలమణి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది.

ఒక పొద్దున నేను సావుకారి వాకిట్లోకి పోయేసరికి దుర్గవ్వ అక్కడే నిలబడి ఉంది. ఆయన ఆమెతో అంటున్న మాట నా చెవిన పడింది. “మగ్గపోళ్ల గుంటల నీళ్లు నిలిచి గోడ నానుతున్నది. పోయి వాళ్లనడుగు.” అంతకుముందు అదే గద్దె మీద కూర్చుని నాతో, దుర్గవ్వ రోకటి పోటుకు గోడ కదిలింది, ఆమెనడుగు అన్నాడు. నేను ముందుకు పోయి, “నాకు గట్ల చెప్తివి, ఆమెకు గిట్ల చెప్తున్నవు. ఏది నిజమయ్యా?” అని అడిగాను. ఆయన ఏమీ తడబడలేదు.

“రెండూ నిజమే. ఆమె దంచుడు బంజెయ్యాలె, నువ్వు గుంట పూడ్చాలె. గోడ దానంతటదే నిలవడ్తది. వానలు పోయినంక చూద్దాం” అని లోపలికి పోయాడు. ఇన్నాళ్లూ మేమిద్దరం గోడకు అటూ ఇటూ నిలబడి కొట్లాడుకుంటుంటే ఆయన హాయిగా నిద్రపోయాడని అప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

ఇద్దరం వెనక్కి నడిచాం. ఆమె ముందు, నేను వెనక. మరునాడు మెలకువ వచ్చిన చాలాసేపటికి గాని రోకలి చప్పుడు లేదన్న సంగతి నాకు తెలియలేదు. బయటికి వచ్చి చూస్తే దుర్గవ్వ వడ్ల గంప నెత్తిన పెట్టుకుని, రోకలి పట్టుకుని, అంగడి అవతల ఎవరి రోట్లోనో దంచుకోవడానికి వానలో పోతోంది. నా వైపు చూడలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. ఆ చప్పుడు ఆగితే చాలని ఎన్నో రోజులు కోరుకున్నాను. ఆగిన తర్వాత ఇంట్లో కూర్చోలేకపోయాను. తను చేయవలసింది ఆమె చేసేసింది, ఇక మిగిలింది మన గుంట.

బాలమణికి ఆడపిల్ల పుట్టింది. వాళ్ల ఇంట్లో కారని చోటు ఒకటే, రోలు తీసేసిన ఆ గోడ పక్క. బాలింత మంచం అక్కడే వేశారు. పురుడు తీరేదాకా గడప దాటించరు, దాటించినా పురిటి మైలను లోపలికి రానిచ్చే ఇల్లేది? మన ఇంటికి పంపమని నేను అడిగితే కూడా దుర్గవ్వ తల అడ్డంగా ఊపింది. దుబ్బయ్య ఒక గుంజ తెచ్చి గోడకు ఊతం పెట్టాడు. పసిదాని ఏడుపు ఆ పగులులోంచి మన ఇంట్లోనే ఏడ్చినట్టు వినబడేది. మన పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ చప్పుడు ఎరగని ఇల్లు కదా, అత్తమ్మ చేతిలో పని ఆపి వినేది.

ఒకరోజు నీళ్లు తోడుతుంటే చెంబు జారి గుంటలో పడింది. వెతుకుతూ గోడ మొదట్లో చెయ్యి పెట్టాను. గోడ ఉండవలసిన చోట చెయ్యి మణికట్టు దాకా దిగిపోయింది. లోపల జొన్నపిండి ముద్దలా మెత్తగా ఉంది. సావుకారి చెప్పింది అబద్ధమైతే ఎంత బాగుండు అనుకున్నాను. ఆయన మంచివాడు కాడు గాని గుంట మాట నిజమే. అది పడితే వాళ్ల వైపే పడుతుంది, ఆ మంచం మీద పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. నిలబడి ఉంటే కూర్చుని చదవండి. మీ గుంట పూడ్చేశాం.

మీ ఇంటి ఆనవాయితీ నాకు తెలియక కాదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తమ్మ చెప్పింది. మగ్గం మీద కూర్చునే మనిషి పోయి, అతని తర్వాత కూర్చునేవాడు లేనప్పుడే గుంట పూడుస్తారు. మొదటి గంప మన్ను అతని భార్య పోస్తుంది. మీ పెదబాపు పోయినప్పుడు మీ పెద్దమ్మ అట్లా పోయడం అత్తమ్మ కళ్లారా చూసింది. మామయ్య కర్మ అయిన మరునాడే మిమ్మల్ని ఆ గుంటలో కూర్చోబెట్టింది కూడా అందుకే. అటువంటిది, మీరు జ్వరంతో పరాయి ఊళ్లో ఉండగా నేను గంప పట్టుకుని ఎట్లా నిలబడాలి? అయినా పోయి గోడ మొదలు సంగతి దుర్గవ్వకు చెప్పాను. “మీ అత్త ఒప్పుకుంటదా?” అని ఒక్కటే అడిగింది. “ఒప్పుకోకున్నా పూడుస్త” అన్నాను. ఆ ముసురులో పొడి మన్ను ఎక్కడ దొరుకుతుంది? ఆమె గడ్డపార తీసి దుబ్బయ్య చేతిలో పెట్టి, చూరు కింద ఉన్న తమ అరుగే తవ్వమంది. రోజూ అతను కూర్చుని మనల్ని తిట్టే అరుగు అదే.

నేను ఇంట్లోకి వచ్చి చెప్పగానే అత్తమ్మ లేచి పోయి గుంటలోకి దిగింది. మీరు కూర్చునే చోటే, మీరు కూర్చున్నట్టే, కాళ్లు నీళ్లలో పెట్టి కూర్చుంది. “మొగడు బతికుండంగ గుంట పూడ్చిన ఆడిది మన ఇంట్ల లేదు బిడ్డా. పూడిస్తే నన్ను గూడ కలిపి పూడ్చు” అంది. బతిమాలాను. కోపం కూడా చేశాను. మోకాళ్లు పట్టేసి ముఖం నల్లబడినా లేవలేదు. బయట గడ్డపార చప్పుడు వినబడుతూనే ఉంది.

అంతలో అటు పక్క పసిది ఏడవడం మొదలుపెట్టింది. గోడ మీది పెళ్ల ఒకటి ఊడి అత్తమ్మ ఒళ్లో పడింది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని పిసికి చూసింది. వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారాయి.

“పిల్లను ఎటు దిక్కు పండవెట్టిన్రు?” అని అడిగింది.

“గీ గోడకే అత్తా.”

ఆమె చెయ్యి చాచింది. నేను పట్టి పైకి లేపాను.

దుర్గవ్వ మొదటి గంప తెచ్చి మన గడప బయట పెట్టింది. దాన్ని ఎత్తుకుని గుంట దగ్గరికి వచ్చాను గాని, వంగబోతే నా చేతులు ఆగిపోయాయి. మీరు గుర్తొచ్చారు. అత్తమ్మ నా చేతుల్లోంచి గంప లాక్కుంది.

“నువ్వు ముత్తైదువవు. నీ చెయ్యి ముందుగాల పడొద్దు.”

“నీ కొడుకు గదత్తా” అన్నాను.

“గందుకే. కన్నదాని చేతిల కీడు ఉండదు. ఉంటే గది నాకే తగులనీ” అని, కళ్లు మూసుకుని, మొదటి గంప మన్ను ఆమే పోసింది. ఆ మన్ను నీళ్లలో పడ్డ చప్పుడు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు.

తర్వాత గంపలు దుర్గవ్వా నేనూ పోశాం. దుబ్బయ్య లోపలికి వచ్చి మన్ను దిమ్మిస కొట్టడానికి రోకలి తెస్తానన్నాడు. “రోకలి వద్దు. గోడ అదురుతది. కాళ్లతోని తొక్కు” అంది దుర్గవ్వ. అన్నన్ని రోజులు నేను గొంతు చించుకుని చెప్పిన మాట ఆమె నోట వినేసరికి నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఇద్దరం ఏడ్చాం.

గోడ నిలబడింది. పగులులో సున్నం కలిపిన మన్ను పెట్టాం. బాలమణి, పిల్ల బాగున్నారు. పైనుంచి కారే నీళ్లకు కింద గిన్నెలు పెట్టి పట్టి బయట పోస్తున్నాం. మగ్గం కట్టెలు విప్పి, తుడిచి, గుడ్డ చుట్టి దూలాలకు కట్టాను. పోగును అటూ ఇటూ నడిపే నాడె మాత్రం అత్తమ్మ తన దగ్గరే పెట్టుకుంది. పూడ్చిన మన్ను మీద దీపం పెడితే చూడడానికి బాగుండదని ఇప్పుడు గూట్లో పెడుతోంది. సావుకారి ఒకసారి వచ్చి తొంగి చూసి, “నేను చెప్పలే, గోడ నిలవడ్తదని” అని, ఆ నేలను ఇంకెప్పుడూ తవ్వొద్దని కూడా చెప్పి పోయాడు. అరుగు పోయాక దుబ్బయ్య సాయంత్రాలు నిలబడే తిడుతున్నాడు, మనల్ని కాదు, సావుకారి వంశాన్ని. ముత్తాత పేరు తెలియక తాతతో ఆపేస్తున్నాడు.

దసరాకు వచ్చి మగ్గం మీద కూర్చుంటానని మీరు రాసిన ముక్క మాటిమాటికీ గుర్తొస్తోంది. మీరు వస్తే కూర్చునే జాగ లేకుండా చేశాను. తిట్టాలనుంటే నన్ను తిట్టండి, అత్తమ్మను మాత్రం ఏమీ అనకండి.

మొదట్లో ఇద్దరం క్షేమం అని రాశాను. ఆ మాట దిద్దుకుంటున్నాను. ఆ రోజు నుంచి అత్తమ్మ అన్నం ముట్టడం లేదు. ఇంత గట్క నీళ్లు తాగి, గడపలో కూర్చుని టపా జవాను వచ్చే దారి చూస్తోంది. మీ దగ్గర నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు. మీకు జ్వరమని రాసిన ముక్కను నేను చదవకుండా దాటేస్తే నా ముఖం చూసి పట్టేసింది. ఇప్పుడు నేను ఏం చదివి వినిపించినా నమ్మదు. “చదివేది నువ్వే, రాసేది నువ్వే. గా ఉత్తరంల ఏమున్నదో నాకేం ఎర్క” అంటుంది. ఇటువంటి నమ్మకాలు నాకు లేవని మీ దగ్గర గొప్పలు పోయేదాన్ని. ఇప్పుడు పొద్దున బొట్టు పెట్టుకునేటప్పుడు నా చెయ్యి కూడా ఆగుతోంది. నాకు భయంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

ఇది రాస్తుండగా అత్తమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. నాడెలో మిగిలిపోయిన నూలు కండె నుంచి జానెడు పోగు లాగి, నడుమకు తెంపి, రెండు ముక్కలూ నా చేతిలో పెట్టింది. “గివి ఉత్తరంల పెట్టు. అతికి పంపుమను. పోగు అతుకుడు వానికి నేర్పింది నేనే. వాని అతుకు నా ఏలుకు ఎర్కైతది” అంది. మీరు ఎడమచేతి వేలితో మెలిపెడతారట. అట్లా మెలిపెట్టేవాళ్లు మన సాలెవాడలో ఇంకెవరూ లేరట.

ఆ ముక్కలు ఈ ఉత్తరం మడతలో పెట్టాను. విప్పినప్పుడు చాప మీద పడ్డాయేమో చూడండి. గుంట గురించి మీరేమనుకున్నదీ తర్వాత తీరిగ్గా రాయొచ్చు. ముందు ఆ పోగు అతికి పంపండి. అది ఆమె వేళ్ల మధ్య పెట్టి, అన్నం వడ్డిస్తాను.

ఇట్లు,
మీ ఇంటిది,
అనసూర్య